ఊడిన పళ్ళూ, ఉన్న పళ్ళూ

"దొంగ దొరికాడు, సొత్తు దొరికింది. ఇంక మీరు ఇంటికెళ్ళి కాళ్ళు బార్లా చాపుకోవచ్చు" అన్నాడు ఇస్త్రీ, ఎక్స్‌రే గది గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. ఈ పిల్లల ఆసుపత్రిలో సెక్యూరిటీకి పెద్ద. పోలీసు ఉద్యోగంలోంచి ఆయన దిగాడు గానీ, చొక్కా మడతలు మాత్రం దిగలేదు. ఆ చొక్కాకున్న మడతల్లో సగం మెదడుకున్నా నాలాంటివాడికి పని దొరికేది కాదు.

"నన్ను పిలిచింది మీరు కాదు, లోపల కూర్చోబెట్టారే, ఆయన భార్య. ఐదు నిమిషాలు మాట్లాడి పోతాను."

"డిటెక్టివ్ పని అని బోర్డు పెట్టుకుంటారు గానీ, మీదంతా డిఫెక్టివ్ పని."

"మీది ఎఫెక్టివ్ పని. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, సీసాని బల్ల మీద నిలబెట్టి, కేసుని పడుకోబెట్టేశారు. జరగండి."

జరిగాడు. నేను జరిగినది తెలుసుకోవడానికి లోపలికి వెళ్ళాను.

సంగతి ఇదీ. కొంతమంది పిల్లలకి శ్వాసనాళం మెత్తగా ఉంటుంది. గాలి పీల్చినప్పుడల్లా నానిన కాగితపు గొట్టంలా అతుక్కుపోతుంది. దాన్ని నిలబెట్టడానికి లోపల ఒక చిన్న వల గొట్టం పెడతారు. నాళం గట్టిపడేలోగా ఆ గొట్టం తనంతట తానే కరిగిపోతుంది. మళ్ళీ తియ్యక్కర్లేదు. అంతా బాగుంది, ఒక్కటి తప్ప: ఆ కరిగే సరుకు ఎక్స్‌రేకి కనిపించదు. గొట్టం ఉన్నచోటే ఉందో, జారిందో, విరిగిందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఒక బరువైన లోహాన్ని నానో రేణువులుగా చేసి ఆ సరుకులో కలుపుతారు. నానో అంటే మా ఆవిడ బీరువాలో నాకిచ్చిన చోటుకన్నా చిన్నది. ఆ రేణువులు ఎక్స్‌రేకి అడ్డుపడతాయి. అప్పుడు గొట్టం ఫిల్ములో తెల్లగా మెరుస్తుంది. కరుగుతున్నకొద్దీ ఆ మెరుపూ పలచబడుతుంది.

సోమవారం సాయంత్రం ఆ రేణువుల సీసా మాయమైంది. కనిపించనివాటిని కనిపించేలా చేసే సరుకు, తానే కనిపించకుండా పోయింది! ఇవాళ, అంటే బుధవారం పొద్దున, ఎక్స్‌రే ఆపరేటరు లాకర్లో తువ్వాలులో చుట్టి ఉండగా దొరికింది.

నాకీ శాస్త్రమంతా చదువు వల్ల అబ్బలేదు, మేనకోడలి వల్ల అబ్బింది. మా చెల్లెలి కూతురు ఊపిరి తీస్తే ఈల వినిపించేది. అందుకే ఇంట్లో అందరికీ అది 'ఈల'. మూడు నెలల కిందట ఇదే ఆసుపత్రిలో దాని గొంతులో ఆ గొట్టం పెట్టారు. అప్పట్నించీ ఇక్కడివాళ్ళందరూ నన్ను ఈల మామయ్యగానే ఎరుగుదురు. ఈల ఆగిపోయింది, పేరు మిగిలిపోయింది. శనివారం దానికి పైన ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఇవాళ నేను బయల్దేరుతుంటే ఒక పన్ను పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

"మామయ్యా, నువ్వు డిటెక్టివ్‌వి కదా. ఇది ఎవరి పన్నో కనిపెట్టు."

"ఎవరి పన్నో కాదే, ఎవరి పన్నాగమో కనిపెట్టడం నా వృత్తి" అన్నాను.

అది పడీ పడీ నవ్వింది. నవ్వుతో పాటు సన్నగా ఈల కూడా వచ్చింది. "చూశావా అన్నయ్యా, పళ్ళ సందుల్లోంచి ఎలా వస్తోందో! పేరు నిలబెట్టుకుంటోంది" అంది చెల్లెలు. ముగ్గురం నవ్వుకున్నాం. పొట్లం జేబులో వేసుకుని వచ్చేశాను.

ఆపరేటరు మోకాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. నా మోకాలూ అంతే. కుర్చీలో కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. నిలబడే అడిగాను.

"సీసా మీరు తీశారా?"

"దాని మూత ఏ వైపు తిరుగుతుందో కూడా నాకు తెలీదండీ."

"మరి మీ లాకర్లోకి ఎలా వచ్చింది? తాళం మీ దగ్గరే ఉంటుందిగా?"

"తాళమా? అది విరిగి ఎన్నాళ్ళో అయింది. బాగు చెయ్యమని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, రబ్బరు బ్యాండు వేసుకున్నాను."

నేను ఇస్త్రీ వైపు తిరిగాను. "ఏమండీ, కేసులో 'తాళం వేసిన లాకరు' అని రాశారా?"

"లాకరంటే తాళం ఉంటుంది కదా అని..."

"రబ్బరు బ్యాండు మహా ప్రమాదకరమైంది లెండి. సాగదీస్తే సాగుతుంది. మీ కేసులాగే."

ఇస్త్రీ కాలరు సర్దుకున్నాడు. నేను ఆపరేటరు దగ్గరికి వంగాను. "ఈ మధ్య ఇక్కడ ఎవరితోనైనా గొడవ పడ్డారా?"

"గొడవ పడేంతటివాణ్ణా? తిట్లు పడ్డాను. సోమవారం. తోబుట్టువుల రోజు."

"అదేం రోజు?"

"ఇక్కడి పద్ధతండీ. ఒకే ముద్దతో ఒకే రోజు రెండు గొట్టాలు చేస్తారు. ఒకటి పిల్ల గొంతులోకి వెళ్తుంది, రెండోది పైన ల్యాబులో ఉప్పునీళ్ళ జాడీలో ఉంటుంది. ఆ నీళ్ళు ఒంటి వేడి ఎంతో అంతే ఉంటాయి. గొంతులోది ఎలా కరుగుతుంటే జాడీలోదీ అలాగే కరగాలి. పిల్లలకి ఫిల్ములు తీసే రోజున జాడీలూ కిందకి తెచ్చి తీస్తాం. పిల్లల గొంతు కోసి చూడలేం కదా, దాని తోబుట్టువుని చూస్తాం."

"బాగుంది. తిట్లెందుకు?"

ఆయన మోకాలు ఆగింది. "తొమ్మిదో జాడీ ఫిల్ములో గొట్టం మూడు ముక్కలుగా కనిపించిందండీ. వెంటనే గొంతు డాక్టరుగారికి చూపించాను. 'నువ్వే కుదిపి ఉంటావు, నీ చేతులు వణుకుతాయి' అని నర్సులందరి ముందూ దులిపేశారు. నేను కుదపలేదు. పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాను."

"ఆ తొమ్మిది ఎవరిది?"

"మాకు అంకెలే. పిల్లల పేర్లు పై ల్యాబులో మేడంకీ, డాక్టరుగారికీ మాత్రమే తెలుసు."

"మా ఈలకీ సోమవారమే తీశారుగా? ఎలా ఉంది?"

"తీశానండీ, పొద్దున తొమ్మిదిన్నరకి. ఫిల్ము మాత్రం నా కంట పడదు. పిల్లలవన్నీ నేరుగా డాక్టరుగారి గదిలో మిషన్లోంచి వస్తాయి. నాకు మిగిలేది జాడీలే." ఆయన మొహంలో మొదటిసారి చిన్న నవ్వు. "పాప మాత్రం భలే నవ్వించింది. ఫొటో తీస్తున్నానని, పళ్ళు లేవు, తీయొద్దని ఒకటే గొడవ."

"ఐదు నిమిషాలు అయిపోయాయి" అన్నాడు ఇస్త్రీ.

"మీ గడియారానికి కూడా ఇస్త్రీ చేస్తారా, అంత చదునుగా నడుస్తోంది?" అని మెట్ల వైపు పరిగెత్తాను. వెనకే ఆయన బూట్లు టకటకలాడాయి.

పై ల్యాబులో రేణువులు తయారుచేసే ఆవిడని అందరూ పొడి మేడం అంటారు. చేసేది పొడి, మాట్లాడేది పొడిపొడిగా. చేతులు మాత్రం ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. కడిగిన గాజు గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

"సీసా ఎక్కడుండేది మేడం?"

"ఫ్రిజ్‌లో."

"లాకర్లో తువ్వాలులో చుట్టి పెడితే?"

"గడ్డలు కడుతుంది. పారబొయ్యడమే."

"మరి అమ్ముకుందామని తీసినవాడు?"

"తెలిసినవాడైతే మంచులో పెడతాడు."

"తెలియనివాడైతే?" అన్నాడు ఇస్త్రీ, ఆపరేటరు మీద ఆశ వదులుకోలేక.

"తెలియనివాడు ఆ సీసా ముట్టుకోడు. పక్కన ఇంతకన్నా అందమైన సీసాలు ఎన్నో ఉన్నాయి."

నా కాళ్ళు నిలవడం మానేశాయి. గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరగడం మొదలుపెట్టాను. విలువ తెలిసినవాడే తీశాడు. కానీ ఆ విలువ నాశనమైపోయేలా దాచాడు. అంటే వాడికి కావలసింది సీసా కాదు, సీసా పోయిందన్న గోల. ఒక దొంగ కావాలి, ఆ దొంగ చెప్పే మాట ఎవరూ నమ్మకూడదు. ఇంతకీ ఆపరేటరు చెప్పిన మాటేమిటి? జాడీ.

"మీ వేడినీళ్ళ తొట్టి ఎక్కడ?"

కిటికీ పక్కన ఉంది. స్టీలు తొట్టి, మీద చిల్లుల మూత, ఒక్కో చిల్లులో ఒక్కో జాడీ, జాడీకో అంకె. అన్నీ ఉన్నాయి. తొమ్మిది కూడా ఉంది. దాంట్లో చిటికెనవేలంత వల గొట్టం, ఎక్కడా చిట్లకుండా, దర్జాగా తేలుతోంది.

"చూశారా! ముక్కలూ లేవు, చెక్కలూ లేవు. అబద్ధం చెప్పాడు మీవాడు" అన్నాడు ఇస్త్రీ.

నేను జాడీలు ఒక్కొక్కటే పైకెత్తాను. ఎనిమిదో జాడీకి మెడ చుట్టూ తెల్లటి ఉప్పు పట్టీ. నెలల తరబడి వేడినీళ్ళలో కూర్చుంటే అలాగే పడుతుంది. ఏడోదానికీ ఉంది, పదోదానికీ ఉంది. తొమ్మిదోది మాత్రం అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టు తళతళలాడుతోంది.

"మేడం, ఈ జాడీ తానెప్పుడు స్నానం చేసిందో చెబుతుందా?"

ఆవిడ గ్లాసు కడగడం ఆపింది. జాడీ అందుకుని వెలుతురులో తిప్పి చూసింది. "ఇది నేను పెట్టింది కాదు. గొట్టం కొత్తది. జాడీ కూడా కొత్తదే."

"పాతది ఏమైంది?"

"తెలీదు."

"ఎవరి గొట్టానికి తోబుట్టువు ఈ తొమ్మిది?"

ఆవిడ నా వైపు చూడలేదు. "చెప్పకూడదు."

"చెప్పకపోతే ఊరుకోను, ఊరుకోవడం నాకు చేతకాదు. చూస్తున్నారుగా."

"మీ మేనకోడలిది."

నా తిరుగుడు ఆగిపోయింది. ఆవిడే మాట్లాడింది, ఈసారి పొడిపొడిగా కాదు.

"పాప గొట్టం చేసిన రోజున సీసాలో చిన్న చిన్న గడ్డలు చూశాను. రేణువులు విడివిడిగా ఉండాలి. ఒకదానికొకటి అంటుకుంటే గడ్డలు. ముద్ద పారేద్దామన్నాను. డాక్టరుగారు గొట్టాన్ని ఎక్స్‌రే కింద పెట్టి, 'ఎందుకు పారేయడం? చూడు, దీపంలా వెలుగుతోంది' అన్నారు. నిజంగానే వెలిగింది. ఎన్నేళ్ళు కనిపించని గొట్టాలతో కుస్తీ పట్టామో మీకు తెలీదు. కనిపిస్తే చాలనుకున్నాం. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను."

"గడ్డలుంటే ఏమవుతుంది?"

"గడ్డ ఉన్నచోట మెరుపు ఎక్కువ, బలం తక్కువ. అక్కడే పగులుతుంది. కరగాల్సింది విరుగుతుంది."

"విరిగితే?"

ఆవిడ తడి చెయ్యి తన గొంతు మీదికి పోయింది.

"ఎక్కడికి?" అని అరిచాడు ఇస్త్రీ, నేను తలుపు తోసుకుని పోతుంటే.

"సినిమాకి! డాక్టరుగారి గదిలో ఫిల్ము ఆడుతోంది."

గొంతు డాక్టరు మృదువైన మనిషి. మూడు నెలల కిందట మా చెల్లెలు ఏడుస్తుంటే పక్కన కూర్చుని గంటసేపు ధైర్యం చెప్పిన మనిషి. నా రొప్పు చూసి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

"తొమ్మిదో జాడీ ముక్కలైందట" అన్నాను.

"ఆపరేటరు కుదిపాడు. పాత చేతులు. దాన్ని చూసి కంగారు పడొద్దు. కావలసింది పాప గొట్టం కదా? రండి." గోడకున్న వెలుగు పెట్టె మీద ఫిల్ము తగిలించి స్విచ్చి వేశాడు. "సోమవారం తీసింది. మీరే చూడండి."

పక్కనుంచి తీసిన ఫిల్ము. మొహం సగం నుంచి ఛాతీ దాకా. మెడ మధ్య, వేసిన చోటే, వల అల్లికతో సహా తెల్లగా, నిటారుగా, నిక్షేపంలా ఉంది గొట్టం. కింద మూలన చీటీ, చీటీ మీద సోమవారం తేదీ.

మంచినీళ్ళు గటగటా తాగేశాను.

"తృప్తా?" అన్నాడు ఇస్త్రీ. "అనవసరంగా నా చేత మేడ మెట్లన్నీ ఎక్కించారు. చొక్కా మొత్తం నలిగిపోయింది."

"మీ చొక్కాకి నా క్షమాపణలు" అంటూ చెమట తుడుచుకోవడానికి రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. రుమాలుతో పాటు పొట్లం బయటికొచ్చింది. విప్పుకుంది. గవ్వపిల్లంత పన్ను అరచేతిలో పడింది.

నేను మళ్ళీ ఫిల్ము వైపు చూశాను. అప్పటిదాకా నేను చూసింది గొట్టాన్ని. ఎవరైనా గొట్టాన్నే చూస్తారు. అది కనిపించాలనే కదా ఇంత తతంగం. ఈసారి కాస్త పైకి చూశాను. పై పెదవి వెనక, బుద్ధిగా, వరసగా, ముందు పళ్ళు.

"డాక్టరుగారూ, ఇది సోమవారందే కదా?"

"చీటీ ఉందిగా."

"మా ఈలదే కదా?"

"ఏమిటీ ప్రశ్నలు?"

"శనివారం ఊడిన పన్ను సోమవారం నోట్లోకి వెళ్ళి ఫొటో దిగి, బుధవారం నా జేబులోకి ఎలా వచ్చిందో చెబుతారా?" పన్నుని వెలుగు పెట్టె అంచు మీద పెట్టాను. టక్కుమంది.

ఆయన ఒక్క క్షణమే తడబడ్డాడు. "ఓ, అవా. అవి చిగుళ్ళ లోపల పెరిగే కొత్త పళ్ళు. ఎక్స్‌రేలో కనిపిస్తాయి."

"కొత్తవీ కనిపిస్తున్నాయి. ఇదిగో, పైన, ఎముకలో. వాటి కింద ఇవి. రెండు వరసల పళ్ళు మా ఇంటావంటా లేవండీ."

ఇస్త్రీ నెమ్మదిగా ముందుకొచ్చాడు. ఈసారి నన్ను నెట్టడానికి కాదు. ఫిల్ము దగ్గరికి వంగి, మూలనున్న చీటీని గోటితో గీకాడు. ఎంతైనా పాత పోలీసు గోరు. చీటీ లేచింది. కింద మిషను కొట్టిన అచ్చు తేదీ.

"పోయిన నెలది" అన్నాడు ఇస్త్రీ. ఆయన గొంతులో మడత పడింది. "డాక్టరుగారూ, సీసా సంగతి నాకు మొదట చెప్పింది మీరు. లాకర్లు వెతకమన్నదీ మీరే."

గొంతు డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. బల్ల సొరుగు తెరిచి ఇంకో ఫిల్ము తీసి నా ముందు పెట్టాడు. నేను దాన్ని వెలుగు ముందు పట్టుకున్నాను. ముందు పళ్ళు రెండూ లేవు. మెడ మధ్య గొట్టం ఉండాల్సిన చోట తెల్లటి ముక్కలు. ఒకటి పక్కకి ఒరిగి ఉంది.

నాకు మాటలు విరవడం అలవాటు. అప్పుడు ఒక్క మాట కూడా విరవబుద్ధి కాలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"రేపు కమిటీ" అన్నాడాయన. "ఈ గొట్టాన్ని అన్ని ఆసుపత్రుల్లోనూ వాడనివ్వాలా వద్దా అని రేపు తేలుస్తారు. ఒక్క ముద్ద పాడైందని మొత్తం ఆపేస్తారు. ఇలాంటి పిల్లలు వందల మంది ఉన్నారు. ఎల్లుండి పొద్దున్నే మీ వాళ్ళని పిలిచి, నా చేత్తో నేనే తీసేద్దామనుకున్నాను. ఈ రెండు రోజుల్లో ముక్కలు కదలవు."

"కదలవని మీకెలా తెలుసు?"

"కదిలితే గాలి దారి ఇరుకవుతుంది. ఇరుకైతే ముందుగా ఊపిరిలో ఈల వస్తుంది. అందుకే సోమవారం మీ చెల్లెలికి గట్టిగా చెప్పి పంపాను, మళ్ళీ ఈల వినిపిస్తే ఆ క్షణమే తీసుకురమ్మని." ఆయన కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. "తీసుకురాలేదుగా! ఈల రాలేదన్నమాటేగా!"

పొద్దుటి నవ్వు నా చెవుల్లో మోగింది.

ఫోను తీసి చెల్లెలికి కొట్టాను. ఇస్త్రీ అప్పటికే వరండాలోకి పరిగెత్తి ఎవరినో కేకేస్తున్నాడు. "అంబులెన్సు తియ్యండి! ఆపరేషను గది తెరిపించండి! తర్వాత అడుగుదురు గానీ ఎందుకని, ముందు తియ్యండి!"

చెల్లెలు నాలుగో మోతకి ఎత్తింది.

"ఏమిటన్నయ్యా, ఆ రొప్పేమిటి?"

"ఈల ఎక్కడ?"

"ఇక్కడే, నా పక్కనే. బొమ్మలేస్తోంది. ఏం?"

"అది ఇంకా ఈల వేస్తోందా?"

"అయ్యో, పొద్దుట్నించీ ఒకటే మోత. ఆ పళ్ళ సందులు పూడేదాకా మాకు ఈ సంగీతం తప్పదు."

"డాక్టరు నీకేం చెప్పాడు సోమవారం?"

"ఈల వస్తే తీసుకురమ్మన్నారు. కానీ అది జబ్బు ఈల కదా, ఇది పళ్ళ ఈల. ఆ మాత్రం తేడా తెలీదా నాకు?"

"నోరు మూసుకోమను."

"ఏంటి?"

"దాన్నే, నోరు మూసుకోమను. పెదాలు గట్టిగా బిగించి ముక్కుతో ఊపిరి పీల్చమను. ఇప్పుడే."

"ఏమే, మామయ్య నిన్ను నోరు మూసుకోమంటున్నాడు. అదేదో పరీక్షట... ఊఁ, అలాగే. గట్టిగా." చెల్లెలి గొంతులో ఇంకా నవ్వుంది. "మూసింది అన్నయ్యా. బుగ్గలు పూరించుకుని కూర్చుంది, బూరెలమ్మలాగా."

"ఫోను దాని మొహం దగ్గర పెట్టు."

బట్టల రెపరెప. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి, సన్నగా, పొడుగ్గా, మూడు నెలల కిందటి పాత ఈల.

చెల్లెలి నవ్వు తెగిపోయింది. "అన్నయ్యా... నోరు మూసుకునే ఉంది. అయినా వస్తోందే..."

"దాన్ని కదలనివ్వకు. పరిగెత్తనివ్వకు, ఏడవనివ్వకు, ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకో. బండి బయల్దేరుతోంది. నేనూ వస్తున్నాను. ఫోను పెట్టెయ్యకు."

మెట్లు రెండేసి దూకుతున్నాను. ఎడమ గుప్పిట్లో పన్ను అరచేతికి గుచ్చుకుంటోంది. వెలుగు పెట్టె మీంచి ఎప్పుడు తీసుకున్నానో గుర్తులేదు. చెవిలో ఈల వస్తోంది, పోతోంది, వస్తోంది. అది వినిపిస్తున్నంతసేపూ గాలి ఆడుతున్నట్టే కదా అని లెక్కపెట్టుకుంటూ కింది గుమ్మం దాకా వచ్చాను. అంబులెన్సు తలుపు తెరిచి పట్టుకుని ఇస్త్రీ నిలబడి ఉన్నాడు.

చెవిలో చిన్న దగ్గు వినిపించింది.

ఈల ఆగిపోయింది.